కార్బరైజింగ్ పిన్నులు కొనేవాళ్లకు హెచ్చరిక: 60 హెచ్‌ఆర్‌సీ అన్న ఒక్క అంకెను నమ్మకండి

కార్బరైజింగ్ అంటే ఉక్కును ఫర్నేస్‌లో (కొలిమిలో) వేడి చేసి, పైపొరలోకి కార్బన్ ఎక్కించి గట్టిపరచడం. ఆ గట్టి పొరే కేస్, దాని లోతే కేస్ డెప్త్; హెచ్‌ఆర్‌సీ అంటే హార్డ్‌నెస్ (గట్టిదనం) కొలిచే రాక్‌వెల్ సీ స్కేల్. సర్టిఫికెట్‌లో హార్డ్‌నెస్ అంకె తప్ప కేస్ డెప్త్ ఊసే లేకపోతే ఆ సరుకు దించుకోకండి. ఈమధ్య ఒక సరఫరాదారు పంపిన 20 ఎంఎన్‌సీఆర్ 5 (ఒక రకం కార్బరైజింగ్ ఉక్కు) పిన్నుల లాట్ అచ్చంగా పైన పటారం, లోన లొటారం. డ్రాయింగ్‌లో గ్రైండింగ్ తర్వాత 0.8 నుంచి 1.0 మి.మీ. కేస్ అడిగితే, కోసి చూసినప్పుడు తేలింది 0.3. పైపొర గట్టిదే, ఆకురాయి వేస్తే జారిపోతుంది కాబట్టి ఇన్‌స్పెక్షన్‌లో ఎవరికీ అనుమానం రాలేదు. లోడ్ పడ్డాక కిందున్న మెత్తటి కోర్ ఆనలేదు, పైపొర పెచ్చులుగా లేచిపోయింది.

కక్కుర్తి అంతా ఫర్నేస్ టైమ్ దగ్గరే. ఒకే టెంపరేచర్‌లో, అంటే 930 డిగ్రీల ప్రాంతంలో, కేస్ రెండింతలు కావాలంటే సమయం దాదాపు నాలుగింతలు పడుతుంది. త్వరగా బయటికి తీసినా పైన గట్టిదనం వస్తుంది, లోతు రాదు. ఉన్న కాస్త పొరలో గ్రైండింగ్ కొంత తినేస్తుంది.

మరి 60 ఎలా చూపించారు? తక్కువ లోడ్‌తో కొలిచి హెచ్‌ఆర్‌సీలోకి మార్చి రాస్తే సరిపోతుంది. దీన్ని పట్టుకోవడం తేలికే. ఒకే పిన్ను మీద 15 కిలోల లోడ్‌తో 15ఎన్ (పలచటి పొరలకు వాడే తేలిక లోడ్ రాక్‌వెల్ స్కేల్) రీడింగ్, 150 కిలోల లోడ్‌తో సీ స్కేల్ రీడింగ్ తీయండి. 15ఎన్‌ను మార్చి చూస్తే 60 వచ్చి, సీ స్కేల్‌లో బాగా తక్కువ వచ్చిందంటే, డైమండ్ మొన కింద పొర కుంగుతోందన్నమాట: కేస్ పలచన.

అనుమానం ఉంటే ఒక పిన్ను బలి ఇవ్వాల్సిందే. కూలెంట్ ధారాళంగా పోస్తూ అడ్డంగా కోయండి, వేడెక్కితే ఫలితం పాడవుతుంది. పాలిష్ చేసి నైటాల్ (ఆల్కహాల్‌లో కలిపిన నైట్రిక్ యాసిడ్) పూస్తే పొర వేరే రంగులో కనిపిస్తుంది. అది అంచనా మాత్రమే. లెక్కలోకి తీసుకోవాల్సింది మైక్రో హార్డ్‌నెస్ 550 హెచ్‌వీకి (వికర్స్ స్కేల్) దిగే లోతు.

టెంపరింగ్, అంటే గట్టిపరిచాక పెళుసుదనం తగ్గడానికి మళ్లీ తక్కువ వేడిలో ఉంచడం, ఎగ్గొడితే ఇంకా ప్రమాదం. 150–200 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే హార్డ్‌నెస్ ఒకటి రెండు పాయింట్లే తగ్గుతుంది, అందువల్ల చేశారో లేదో అంకె చెప్పదు. చేయకపోతే పొర పెళుసుగా ఉండి గ్రైండింగ్‌లోనే సన్నటి వలలా పగుళ్లు రావచ్చు. లాట్ నంబరుతో ఉన్న ఫర్నేస్ చార్ట్ (ఎంత వేడిలో ఎంతసేపు ఉంచారో చూపే రికార్డు) అడగండి, టెంపరింగ్ చార్ట్ విడిగా అడగండి.

"వెనక్కి పంపండి, మళ్లీ హార్డెనింగ్ చేసిస్తాం" అంటే ఒప్పుకోకండి. ఫినిష్ సైజుకు గ్రైండ్ అయిన పిన్ను మళ్లీ ఫర్నేస్‌లోకి వెళ్తే వంగుతుంది, సైజు మారుతుంది, సరిచేయడానికి మెటీరియల్ మిగలదు. కొత్త లాటే అడగండి.