లీజు తీరిన డిజైర్ డీజిల్: ఎలా ఎంచుకోవాలి, ధర ఎక్కడ తగ్గించాలి

"డీజిల్ డిజైర్ సార్, ఇక కొత్తది రాదు." బ్రోకర్ నోట మొదట వచ్చే మాట ఇదే. అందులో అబద్ధం లేదు. బీఎస్6 కాలుష్య నిబంధనలు రాగానే, 2020 ఏప్రిల్ నుంచి మారుతి డీజిల్ కార్లు ఆపేసింది. అయితే కొత్తది రాకపోయినంత మాత్రాన పాతది అపురూపం అయిపోదు. ఇందులో ఉన్న 1248 సీసీ ఇంజిన్ ఫియట్ డిజైన్. స్విఫ్ట్, రిట్జ్, ఎర్టిగా, బ్రెజాల్లోనే కాదు, టాటా విస్టా, ఫియట్ పుంటోల్లో కూడా అదే తిరిగింది. ఏ ఊళ్లోనైనా విడిభాగాలు దొరుకుతాయి, విప్పి బిగించగల మెకానిక్కూ దొరుకుతాడు. కాబట్టి "రాదు" అన్న మాటకు ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వనక్కర్లేదు.

2017 మోడల్ డిజైర్ డీజిల్ మంచి బండే. 75 పీఎస్ పవర్, 190 ఎన్ఎమ్ టార్క్. 2,000 ఆర్‌పీఎమ్ లోపు బద్ధకంగా ఉంటుంది, అది దాటాక ఒక్కసారిగా లాగుతుంది. సిటీ ట్రాఫిక్‌లో రెండో గేరుకూ మూడో గేరుకూ మధ్య చేతికి పని తప్పదు. కంపెనీ చెప్పిన మైలేజీ లీటరుకు 28.4 కిలోమీటర్లు. సిటీ, హైవే కలిపి 20, నిదానంగా నడిపితే 22 వరకు రావచ్చు. ట్యాంకు 37 లీటర్లే అయినా హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లొచ్చాక కూడా డీజిల్ మిగులుతుంది. యాడ్‌బ్లూ (కొత్త డీజిల్ బండ్లలో పొగ శుభ్రం చేయడానికి పోసే ద్రవం) గొడవ లేదు. ఇంజిన్ చప్పుడు లోపలికి వినిపిస్తుంది, అందులో మార్పు ఆశించకండి. ఏఎంటీ (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు తనే మార్చుకునే రకం) కంటే మాన్యువల్ తీసుకోవడం మేలు. ఏఎంటీలో గేరు మారేటప్పుడు కుదుపు ఉంటుంది, గేర్లు మార్చే యాక్చుయేటర్ పోతే బిల్లు బరువే.

కొనే ముందు ఈ లెక్క వేసుకోండి. పెట్రోలు 107, డీజిల్ 96 అనుకుందాం. లీటరుకు 20 ఇచ్చే డీజిల్ బండికి కిలోమీటరుకు 4.80 అవుతుంది, 16 ఇచ్చే పెట్రోలు బండికి 6.70. తేడా 1.90. నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగే మనిషికి 2,850 మిగులుతుంది. పెట్రోలు డిజైర్ కంటే 80,000 ఎక్కువ పెట్టినా రెండున్నరేళ్ల లోపే రాబట్టుకుంటాడు. నెలకు 500 తిరిగేవాడికి అదే సొమ్ము తిరిగి రావడానికి ఏడేళ్లు పడుతుంది. అప్పటికి బండి ఎలాగూ అరిగిపోతుంది.

సెకండ్ హ్యాండ్ మార్కెట్లో వెతకాల్సింది కంపెనీ లీజు బండ్లను. ఐటీ ఉద్యోగులు జీతం ప్యాకేజీలో భాగంగా తీసుకునే కార్లు లీజింగ్ సంస్థ పేరుతో రిజిస్టర్ అవుతాయి. మూడు నుంచి అయిదేళ్ల గడువు ముగిశాక, ముందే రాసుకున్న ధరకు ఉద్యోగే కొనుక్కుంటాడు, లేదా సంస్థ అమ్మేస్తుంది. ఉద్యోగి పేరుకు మారిన బండి ఆర్‌సీలో రెండో ఓనర్‌దిగా కనిపిస్తుంది, మీరు మూడో ఓనర్ అవుతారు. నడిపింది మొదటి నుంచీ ఒకే మనిషి అయినా ఓనర్ల సంఖ్య చూసి జనం వెనక్కి తగ్గుతారు. మీ బేరానికి పట్టు అక్కడే. పైగా లీజు బండ్లకు చాలా వరకు సర్వీసు, ఇన్సూరెన్సు లీజులోనే కలిసి ఉంటాయి కాబట్టి అధీకృత వర్క్‌షాపు రికార్డు దొరుకుతుంది. ఆ ప్రింటౌట్ చూపించలేని లీజు బండికి ఈ లాభం వర్తించదు.

కాగితాల దగ్గర ఒక చిక్కు ఉంది. సంస్థ నుంచి నేరుగా కొంటే పేరు మార్పిడికి ఇచ్చే ఫారం 29, 30 మీద సంస్థ ముద్ర, అధికారం ఉన్నవారి సంతకం, ఆథరైజేషన్ లెటర్ ఉండాలి. ఆర్‌సీలో ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని చూపే ఫారం 35, ఫైనాన్స్ సంస్థ ఇచ్చే ఎన్‌ఓసీ చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి. పెండింగ్ చలాన్లు అమ్మేవాళ్లతోనే కట్టించండి. ఢిల్లీ బండ్లు చవగ్గా కనిపించడానికి ఒక కారణం ఉంది, అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్లను తిరగనివ్వరన్న భయం. ఇక్కడికి తెచ్చుకుంటే ఎన్‌ఓసీ, లైఫ్ ట్యాక్స్, తిరిగే తిప్పలు కలిపి ఆ తేడా కరిగిపోతుంది. ట్యాక్సీగా తిరిగి తెల్ల ప్లేటుకు మారిన బండైతే అసలు చూడకండి.

ఇక బండి చూసేటప్పుడు. ముందుగా బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉందంటే మీరు వచ్చేలోపు స్టార్ట్ చేసి ఉంచారన్నమాట, మర్నాడు పొద్దున వస్తామని చెప్పి వెళ్లిపోండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేశాక టైమింగ్ చైన్ గలగల కొన్ని సెకన్లలో ఆగిపోవాలి. ఐడ్లింగ్‌లో (బండి కదలకుండా ఇంజిన్ నడుస్తుండగా) ఆయిల్ మూత తీయండి. సన్నటి ఆవిరి మామూలే. పొగ గుప్పుగుప్పున కొడుతుంటే పిస్టన్ రింగులు అరిగాయి, అక్కడితో బేరం వదిలేయండి. చదును రోడ్డు మీద నాలుగో గేరులో 50 దగ్గర ఫుల్ యాక్సిలరేటర్ ఇవ్వండి. ఆర్‌పీఎమ్ ఎగిరి స్పీడు పెరగకపోతే క్లచ్ ప్లేటు అయిపోయినట్టే. నల్లపొగ, నీరసమైన లాగుడు కలిసి కనిపిస్తే ముందు అనుమానించాల్సింది పొగలో కొంత తిరిగి ఇంజిన్లోకి పంపే ఈజీఆర్ వాల్వ్‌ని. సిటీలో చిన్న చిన్న దూరాలు తిరిగిన బండ్లలో దానికి మసి పడుతుంది, చాలాసార్లు శుభ్రం చేస్తే సరిపోతుంది. అదే నీలం పొగకు టర్బో (ఇంజిన్లోకి గాలిని తోసే భాగం) నుంచి ఈల కూడా తోడైతే సమస్య టర్బోది, అది చిన్న ఖర్చు కాదు. ఇంజిన్ వణుకుతుంటే స్కానర్ పెట్టించి, ఇంజిన్లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల కరెక్షన్ విలువలు చూడండి. నాలుగింటిలో ఒకటి మిగతావాటికి బాగా దూరంగా ఉంటే దాని పని పట్టాలి.

మీటర్ వెనక్కి తిప్పారా అన్నది రీడింగ్ చూస్తే తెలియదు. క్లచ్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ మీద నున్నదనం, డ్రైవర్ సీటు అంచు, టైరు మీది నాలుగంకెల తయారీ తేదీ (వారం, ఏడాది) చూడండి. 45,000 అని చెప్పే బండికి పెడల్ గీతలు అరిగిపోయి ఉండకూడదు.

క్లచ్, సస్పెన్షన్లోని లోయర్ ఆర్మ్ బుష్‌లు, టైర్లు, బ్యాటరీ ఏది మార్చాల్సి ఉన్నా వర్క్‌షాపులో రాతపూర్వకంగా కొటేషన్ తీసుకుని, ఆ కాగితం ముందు పెట్టి ధర తగ్గించండి. నోటిమాటగా "రిపేరుంది" అంటే అయిదు వేలు తగ్గించి చేతులు దులుపుకుంటారు. బండి ఇంటికొచ్చిన వారంలో ఇంజిన్ ఆయిల్ (సుమారు 3 లీటర్లు), ఆయిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు నాలుగూ ఒకేసారి మార్పించండి. డీజిల్ ఫిల్టర్లో చేరిన నీళ్లు ఇంజెక్టర్ల దాకా వెళ్తే వచ్చే బిల్లు ముందు ఈ సర్వీసు ఖర్చు లెక్కలోకే రాదు.