హైవే మీది కార్డు గోడౌనా, గొల్లపూడి బస్తానా, వీధి చివరి కొట్టా?

మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ దగ్గర ఎవరు కలిసినా ఈ మధ్య ఇదే ప్రశ్న. "మీ దగ్గర ఆ హోల్‌సేల్ కార్డు ఉందటగా, ఒకసారి ఇస్తారా, నిజంగా అంత తేడా ఉంటుందా?" అది హైవే మీది హోల్‌సేల్ గోడౌన్ కార్డు, వ్యాపారం ఉన్నవాళ్లకే ఇస్తారు. నాది కాదు, మా తమ్ముడిది. తేడా ఉంటుందా అంటే ఉంటుంది. డబ్బులు మిగులుతాయా అంటే మాత్రం వెంటనే అవునని చెప్పలేను. ఏడాదిన్నరగా పిల్లల పాత నోట్‌బుక్ ఒకటి తీసుకుని రాసుకుంటూ వచ్చాక గానీ నాకూ తెలియలేదు.

మాది విజయవాడ భవానీపురం. ఇంట్లో ఐదుగురం: నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, అత్తయ్యగారు. కింద రాసిన లెక్కలన్నీ ఈ ఐదుగురివే, రేట్లు నేను కొన్న రోజువే. హాస్టలో, మెస్సో, కర్రీ పాయింటో నడిపేవాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు. మీకు గోడౌనే మేలు, అందులో రెండో మాట లేదు.

ముందు కార్డు సంగతి. మా చెల్లెలు డాలస్‌లో ఉంటుంది, అక్కడి పెద్ద హోల్‌సేల్ దుకాణం కాస్ట్‌కో కార్డు లేకపోతే వాళ్లింట్లో పొయ్యి వెలగదు. అక్కడ కార్డుకి ఏడాదికి 65 డాలర్లు కట్టాలి, 2024 సెప్టెంబరు ముందు 60 ఉండేది. పెద్ద కార్డైతే 130, కొన్నదాంట్లో 2 శాతం వెనక్కి వస్తుంది. అంటే పైన కట్టిన 65 రాబట్టుకోవాలంటే ఏడాదిలో 3,250 డాలర్ల సరుకు కొనాలి. "ఆర్నెల్లలో దాటేస్తాం అక్కా" అంటుంది, అది గొప్పో బాధో నాకు అర్థం కాదు. ఆ కంపెనీ లాభంలో పెద్ద వాటా ఈ ఫీజులదే, అందుకే సరుకు మీద 14, 15 శాతానికి మించి వేసుకోదు. నేను వెళ్లే గోడౌన్‌లో ఫీజు లేదు, వ్యాపారం ఉందా అని అడుగుతారు. విదేశీ కంపెనీ హోల్‌సేల్‌లో నూటికి నూరు శాతం పెట్టుబడి పెట్టొచ్చు గానీ అన్ని బ్రాండ్ల సరుకూ నేరుగా ఇంటివాళ్లకి అమ్మాలంటే అలా కుదరదు. అందుకే 2003లో మెట్రో వాళ్లు బెంగళూరులోనూ, 2009లో వాల్‌మార్ట్ వాళ్లు బెస్ట్ ప్రైస్ పేరుతో అమృత్‌సర్‌లోనూ తెరిచినప్పుడు చిన్న వ్యాపారులకి కార్డులిచ్చి అమ్మే పద్ధతి పెట్టారు. తర్వాత మెట్రో రిలయన్స్ చేతికి, బెస్ట్ ప్రైస్ ఫ్లిప్‌కార్ట్ చేతికి వెళ్లాయి. ఫీజు లేదు కదా అని నేనూ మొదట్లో సంబరపడ్డాను. ఫీజు తీసుకోనివాడు సరుకు మీదే సంపాదించుకోవాలి కదా అని తర్వాత తట్టింది. అమెరికా వాళ్లు చెప్పే తేడా ఇక్కడ కనపడకపోవడానికి కారణం ఇదేనని నా అనుమానం.

ఇంకొకటి, అందరూ కార్డు అప్పడుగుతున్నారు కాబట్టి చెప్తున్నా. మా తమ్ముడిది సత్యనారాయణపురంలో స్టేషనరీ, జిరాక్స్ షాపు. నేను కొన్న ప్రతి బిల్లూ వాడి జీఎస్టీ నంబరు మీద పడుతుంది, అమ్మినవాళ్లు రిటర్న్ వేయగానే వాడి లెక్కలో కనపడుతుంది. ఒకరోజు ఆడిటర్‌గారు ఫోన్ చేసి "జిరాక్స్ షాపుకి మినప్పప్పు దేనికయ్యా?" అని అడిగారట. సొంత వాడకానికి కొన్నదాని మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని షాపు కట్టాల్సినదాంట్లో తగ్గించుకోవడం) తీసుకోకూడదు, తీసుకుంటే తిరిగి కట్టుకోవాలి, తీసుకోకపోతే ప్రతి నెలా ఆ బిల్లులు వేరు చేసే పని ఆయన నెత్తిన పడుతుంది. "అక్కా, నువ్వు కాబట్టి సరే, పై ఫ్లోర్ వాళ్లకి కూడా ఇవ్వకు" అన్నాడు వాడు. న్యాయమే కదా.

ఇక రేట్లు. గోడౌన్ బోర్డు మీద ఒకటి కొంటే ఒక రేటు, మూడు కొంటే ఒక రేటు, డజను కొంటే ఇంకో రేటు ఉంటుంది. మన కన్ను నేరుగా డజను రేటు మీదికే పోతుంది, చెయ్యి మాత్రం ఒకటే తీసుకుంటుంది, బిల్లు దగ్గరికి వచ్చేసరికి వీధి కొట్టుకీ దానికీ రెండు మూడు రూపాయలే తేడా. ఎమ్మార్పీ మీద ఎంత తగ్గించారన్నది చూడకండి, అది ఎవరైనా తగ్గిస్తారు, మా వీధి చివరి కొట్టాయన కూడా అడక్కుండానే తగ్గిస్తాడు. ప్యాకెట్ వెనక చీమ తలకాయంత అక్షరాల్లో గ్రాముకి ఇంత, కిలోకి ఇంత అని వేస్తున్నారు చూడండి, అది చూడండి. పెద్ద ప్యాకెట్టే చౌక అనుకుంటాం గానీ ఆఫర్ ఉన్న వారం రెండు చిన్న ప్యాకెట్లు ఒక పెద్దదానికంటే తక్కువకి రావడం నేను చాలాసార్లు చూశాను. నూనెలో ఇంకో మాయ ఉంది. లీటరు నూనె తూకం 910 గ్రాములు, కొన్ని ప్యాకెట్ల మీద 850, 870 గ్రాములని ఉంటుంది, చూడ్డానికి లీటరు ప్యాకెట్‌లాగే ఉంటుంది. పోల్చేటప్పుడు అన్నీ కిలోల్లోకి మార్చుకోకపోతే లెక్క తప్పుతుంది.

ఇక్కడిదాకా అందరికీ తెలిసిందే. ఇప్పుడు నా నూనె డబ్బా కథ. ఏది మేలో నాకు తేల్చింది అదే.

పదిహేను కిలోల సన్‌ఫ్లవర్ డబ్బా గోడౌన్‌లో 2,310కి తెచ్చాను. పదిహేను కిలోలంటే పదహారున్నర లీటర్లు. ప్యాకెట్లలో అయితే లీటరు 150 చొప్పున 2,475 అయ్యేది. అంటే 165 రూపాయలు మిగిలాయి, డబ్బా కార్లో పెట్టుకుని వస్తూ బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో కూడా నాకు కోపం రాలేదు. అంతకుముందు మా ఇంట్లో లీటరు ప్యాకెట్ తొమ్మిది రోజులు వచ్చేది, పండగ నెలలు తీసేస్తే పెద్దగా మారేది కాదు. ఆ లెక్కన డబ్బా 148 రోజులు రావాలి. 115 రోజులకి అడుగు తేలింది.

ఎవరూ తాగలేదు, ఒలకనూ లేదు. ప్యాకెట్ కత్తిరించి చిన్న నూనె గిన్నెలోకి ఒంపుకున్నప్పుడు గిన్నె సగానికొస్తే చెయ్యి దానంతట అదే తగ్గుతుంది, "ఇంకా నాలుగు రోజులు రావాలి" అని. డబ్బా మూలన నిండుగా కూర్చున్నప్పుడు ఆ భయం ఉండదు. సాయంత్రం పిల్లలు పునుగులు అంటే అత్తయ్యగారు "డబ్బా ఉందిగా, వేసిస్తా" అనేవారు. అప్పడాలు వేయించిన నూనె మర్నాడు పోపుకి వాడేవాళ్లం, అది మానేసి కొత్తది పోయడం మొదలైంది. దోసె పెనం మీద చెంచాతో వేసే నూనె గరిటెతో పడింది. ముందే అయిపోయిన 33 రోజుల నూనె అంటే మూడున్నర లీటర్ల పైనే, దగ్గర దగ్గర 550 రూపాయలు. మిగిలింది 165. పోయింది 550. పైగా అడుగున ఉన్న నూనెకి చివర్లో ఒకలాంటి వాసన, వేసవి మధ్యలో పడడం వల్ల కావచ్చు. డబ్బా తెచ్చిన రోజు భవానీపురం నుంచి అవతలి కొసకి వెళ్లి రావడానికి రెండు లీటర్ల పెట్రోలు, అది నేను లెక్కలోకే తీసుకోలేదు.

అందుకే ఇప్పుడు ఎవరైనా "ఏది చౌక" అంటే నేను రేటు చెప్పను, "మీ ఇంట్లో అది ఎన్ని రోజుల్లో అవుతుంది, ఎదురుగా ఎక్కువుంటే ఎక్కువ వాడతారా" అని తిరిగి అడుగుతాను. సర్ఫ్, నూనె, బిస్కెట్లు, పంచదార, షాంపూ ఇవన్నీ ఎక్కువుంటే ఎక్కువ ఖర్చయ్యేవి. బిస్కెట్ల పెట్టె సంగతి చెప్పక్కర్లేదు, మా చిన్నాడు మంచం కింద దాచుకున్నాడు. ఒంటి సబ్బు, టూత్‌బ్రష్, అగ్గిపెట్టెలు, గిన్నెలు తోమే పీచు, ఉప్పు అలా కావు. డజను ఉన్నా రోజుకి రెండుసార్లకి మించి ఎవరూ పళ్లు తోముకోరు. గోడౌన్‌కి వెళ్తే నేను తెచ్చేది ఇవే, మూడు నాలుగు నెలలకోసారి.

పప్పులు, పిండ్ల దగ్గర ఇంకో చిక్కు, పురుగు. పెద్ద మొత్తంలో కొనడం మనకేం కొత్త కాదు. మా అమ్మమ్మ వాళ్లు వేసవిలో ఏడాదికి సరిపడా కందిపప్పు, మిరపకాయలు, చింతపండు కొనేవాళ్లు. కొని వదిలేసేవాళ్లు కాదు. చింతపండు గింజ తీసి ఉప్పేసి జాడీలో అదిమేవాళ్లు, కందిపప్పు ఎండబెట్టి అరచేతికి ఆముదం రాసుకుని పప్పంతా పట్టించేవాళ్లు, నాలుగు రోజులు ఇల్లంతా అదే పని. నేను పది కిలోల ఉప్మా రవ్వ సంచి తెచ్చి స్టోర్ రూమ్‌లో పెట్టి తలుపేశాను. వానలు పడ్డాక తెరిస్తే రవ్వ ఉండలు కట్టి దారాలు దారాలుగా లేచొచ్చింది. సగం పోయింది. రేటు మాత్రం చాలా చౌకగా పడింది, అది ఒప్పుకోవాలి.

బియ్యం ఒక్కటే వేరు. ఉన్నకొద్దీ మెరుగయ్యే సరుకు అది, పాతబడితే అన్నం పొడిపొడిగా వస్తుంది. అందుకని బస్తాల్లోనే కొనండి, కానీ నా ఓటు గోడౌన్‌కి కాదు, గొల్లపూడికే. నేను చూసిన గోడౌన్‌లో బియ్యం ఎన్నాళ్ల పాతవని అడిగితే చెప్పే మనిషి లేడు. గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్‌లో మేం కొనే కొట్టాయన గిద్దెడు గింజలు అరచేతిలో పోసి చూపిస్తాడు, కొత్తవైతే కొత్తవనే చెప్తాడు, "ఇవి రెండు నెలలాగి వండుకోండమ్మా" అంటాడు. మేం తినేది బీపీటీ, మన బాపట్లలో పుట్టిన సాంబ మసూరే. బస్తా 26 కిలోలు ఎందుకుంటుందో చాలామంది అడుగుతారు. 2022 జులై 18 నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబులు వేసిన బియ్యం, పప్పుల మీద 5 శాతం జీఎస్టీ పడింది, ఆ పైన లేదు, మిల్లులవాళ్లు ఒక కిలో కలిపి కుట్టేశారు. కాబట్టి పది కిలోల సంచి కొంటే ఆ 5 శాతం మీరే కడుతున్నట్టు. నెలకి పాతిక కిలోలు తినని ఇల్లైనా పక్కింటివాళ్లతో కలిసి 26 కిలోల బస్తా తెచ్చి పంచుకోవడం నయం.

గొల్లపూడిలో చిక్కు ఏంటంటే చిల్లరగా అడిగితే ముఖం అదోలా పెడతారు. రెండు కిలోల మినపగుళ్లు ఇవ్వండి అంటే వినపడనట్టు పక్కవాళ్లతో మాట్లాడతారు. మేం మూడు ఇళ్లవాళ్లం కలిసి వెళ్తాం. మినపగుళ్లు, కందిపప్పు, పంచదార బస్తాల లెక్కన తీసుకుని, ట్రాలీ ఆటో మాట్లాడుకుని, సెల్లార్‌లో కాటా పెట్టి పంచుకుంటాం. ఎవరి వాటా నెలన్నరకి మించి రాదు, కాబట్టి పురుగు పట్టే వ్యవధి ఉండదు, "బోలెడుందిగా" అనే ధీమా కూడా ఉండదు. మొదటిసారి పంపకంలో చివర పావుకిలో తేడా వచ్చింది, రెండు రోజులు మాటల్లేవు, తర్వాత సర్దుకున్నాం. ఓపిక లేకపోతే వన్ టౌన్‌లో కిలో లెక్కన ఇచ్చే కొట్లు ఉన్నాయి, రేటు కొంచెం ఎక్కువ, పార్కింగ్ మాత్రం దేవుడి దయ.

డీమార్ట్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, అందరూ వెళ్తున్నదే. కార్డు అక్కర్లేదు, ఒకటి కొన్నా తగ్గింపు రేటే, ఇద్దరు ముగ్గురున్న ఇంటికి గోడౌన్ కంటే అదే నయం. స్టీలు డబ్బాల వరస వైపు వెళ్లకుండా బయటికి రాగలిగితే. నేను రాలేను, తప్పు నాదే. కూరగాయలకి రైతుబజారు, అది పోటీలోనే లేదు. పది నిమిషాల యాప్‌లు కరివేపాకు మర్చిపోయినప్పటికి.

వీధి చివరి కొట్టు దగ్గర మాత్రం కాస్త ఆగాలి. కిలోకి నాలుగైదు రూపాయలు ఎక్కువే. కానీ అక్కడ నేను అవసరమైనదే కొంటాను, ఎందుకంటే చీటీలో లేనిది ఆయన ఇవ్వడు. చెడిపోయిన శనగపిండి తిప్పి తీసుకుంటాడు. నెలాఖరున జీతం ఆలస్యమైతే పుస్తకంలో రాసుకుంటాడు, కార్డు ఉన్నా గోడౌన్‌లో అరువు నాకెవరిస్తారు? మా ఆయన దీనికి ఒప్పుకోరు. "నువ్వు మొహమాటానికి ఎక్కువ కడుతున్నావ్" అంటారు. కట్టనీ, నూనె డబ్బాలో పోయినదానికంటే తక్కువే.

ప్రస్తుతానికి మా ఇంట్లో పద్ధతి ఇది. బియ్యం, పప్పులు గొల్లపూడిలో పంపకం. సబ్బులు, పేస్టులు గోడౌన్‌లో, అదీ తమ్ముడు వాడి షాపుకి ఏ4 పేపర్ కట్టలు తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు, వాడి బండిలోనే. నూనె వీధి కొట్టులో, లీటరు ప్యాకెట్లే, ఒకసారికి రెండే. ఖాళీ డబ్బా పై మూత కోసి అత్తయ్యగారు బాల్కనీలో కరివేపాకు మొక్క పెట్టారు. పోయిన వారం లిఫ్ట్ దగ్గర మూడో ఫ్లోర్ ఆవిడ మళ్లీ కార్డు అడిగింది, ఎందుకూ అంటే నూనె డబ్బాకట.