ఫ్లీ దువ్వెన రివ్యూ: ఊరికే గోక్కుంటూ, ఒళ్లు జలదరించి పరిగెత్తే పిల్లి ఉన్న ఇళ్లకి

ముందే చెప్పేస్తా, ఇది మందు కాదు, ఫ్లీస్‌ని, అంటే పిల్లి బొచ్చులో దాక్కుని రక్తం తాగే, పేను లాంటి గెంతే చిన్న పురుగుల్ని, పట్టే దువ్వెన. స్టీల్ పళ్లు, చిన్న ప్లాస్టిక్ పిడి, పళ్లు మన అమ్మమ్మల ఈర్పెనకి ఉన్నంత దగ్గర దగ్గరగా ఉంటాయి, 300 లోపే వచ్చింది. పిల్లి తెగ గోక్కుంటుంది, వీపు మీద చర్మం పాకుతుంది, ఉన్నట్టుండి తోక కొరుక్కుని పరిగెడుతుంది, ఎందుకో ఎవరికీ అర్థం కావట్లేదు అనేవాళ్లకి నేను మొదట కొనమనేది ఇదే. షాంపూ కన్నా ముందు, ఒమేగా ఆయిల్ కన్నా ముందు, మెడకి కడితే పిల్లి శాంతిస్తుందని ఇన్‌స్టాలో తెగ తోసేస్తున్న కాల్మింగ్ కాలర్ కన్నా ముందు. అవన్నీ ఏదో ఒకటి అయ్యుంటదిలే అనుకుని వాడేవి, ఇది మాత్రం అసలు ఒంటి మీద ఏముందో చూపిస్తది.

మా పిల్లి పేరు కాటుక. పేరుకి తగ్గట్టే ఎక్కడా తెల్ల మచ్చ లేదు (మా ఫ్లోర్లో ఒకాయన ఇది ఎదురొస్తే ఇంట్లోకి వెనక్కెళ్లి మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరతాడు, ఆ గోల వేరే). నల్ల బొచ్చులో ఫ్లీస్ పాకినా కనపడవు, అవి వేసే రెట్ట అసలే కనపడదు, పైగా పిల్లులు నాక్కుంటూ దొరికినవాటిని దొరికినట్టు మింగేస్తాయి, అందుకే "మా పిల్లికి ఏమీ లేవండీ మేం చూశాం" అని ఎవరన్నా నేను పెద్దగా నమ్మను. ఒంటికి ఫ్లీ అలర్జీ ఉన్న పిల్లికి పదులకొద్దీ అక్కర్లేదు, ఒకటో రెండో కుట్టినా చాలు, తోక మొదలు దగ్గర బొచ్చు ఊడేదాకా కొరుక్కుంటది.

కాటుకకి గోకుడు ఒక్కటే అయితే ఇంత రాసేదాన్ని కాదు. హాయిగా పడుకున్నది ఒక్కసారి తల ఎత్తుతది, నడుం దగ్గర నుంచి తోక దాకా చర్మం గబగబా వణుకుతది, కళ్లలో నల్లగుడ్డు మొత్తం పరుచుకుపోతది, తోక అటూ ఇటూ కొట్టుకుంటది, ఆ తోక వేరేవాళ్లదైనట్టు దాని వంక చూసి గబుక్కున కొరికేసి, హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి మంచం కిందకి ఒకటే పరుగు. నిమిషం కూడా ఉండదు. తర్వాత ఏమీ జరగనట్టు వచ్చి గిన్నె దగ్గర కూర్చుంటది. ఇంట్లో పెద్దవాళ్లు దిష్టి అన్నారు, ఎండుమిరపకాయలు తిప్పి కాల్చారు కూడా, ఆ ఘాటుకి మేమే దగ్గాం.

మొదట చూపించిన క్లినిక్ పేరు చెప్పను, బల్ల మీద పెట్టి పైపైన చూసి "అలర్జీ" అని స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి పంపించారు. కొన్నాళ్లు తగ్గింది, మళ్లీ మొదలైంది, దేనికి అలర్జీ అని అడిగితే సమాధానం లేదు. ఇంకో పెట్ షాపులో అయితే కుక్కల పౌడర్ చేతిలో పెట్టి "కొంచెం తక్కువ జల్లండి మేడమ్" అన్నాడు. డబ్బా వెనక చదివితే పెర్మెత్రిన్ అనే పురుగుల మందు. దయచేసి ఈ ఒక్క పేరు గుర్తుపెట్టుకోండి. కుక్కకి సరిపడే పెర్మెత్రిన్ పిల్లికి విషం, దాన్ని విరగ్గొట్టి బయటికి పంపే శక్తి పిల్లి లివర్‌కి సరిగ్గా లేదు, వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకొస్తది. మామూలుగానే ఒళ్లు వణికే పిల్లికి అది జల్లితే ఏది రోగమో ఏది మందు చేసిన పనో ఎలా తెలుస్తది?

ఈ దువ్వెన కొనమన్నది రెండో డాక్టర్ గారు. ఆవిడ ముందు అడిగింది "వీడియో ఉందామ్మా?" అని. ఉంది. అది చూశాకే పిల్లి మీద చెయ్యి వేశారు, ఎందుకంటే క్లినిక్‌లో బల్ల మీద ఏ పిల్లీ ఆ వేషాలు వెయ్యదు, బొమ్మలా బిగుసుకుని కూర్చుంటది. మీరు కూడా వీడియో తీయకుండా వెళ్లకండి, మధ్యలో పేరు పెట్టి పిలిచి పలుకుతుందో లేదో కూడా వీడియోలో వచ్చేలా తీయండి, ఫిట్సా కాదా అని చూసేటప్పుడు వాళ్లకి అది పనికొస్తది.

సరే, దువ్వెన వాడే పద్ధతి. తిని మగతగా ఉన్నప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని, పక్కన తెల్ల టిష్యూ తడిపి పెట్టుకోండి. మెడ వెనక, గడ్డం కింద, పొట్ట, తోక మొదలు, ఈ నాలుగు చోట్లా చర్మానికి ఆనేలా నెమ్మదిగా లాగి, పళ్లలో వచ్చిన చెత్తంతా టిష్యూ మీద దులపండి. నల్ల నలకలు పడతాయి. మట్టి అయితే మట్టిలాగే ఉంటది, ఫ్లీ రెట్ట అయితే కాసేపటికి నలక చుట్టూ ఎర్రటి గోధుమరంగు మరక పాకుతది, అది అరిగిన రక్తం కాబట్టి. మా టిష్యూ మీద అలా పాకింది చూసి నాకు కడుపులో తిప్పింది. ఇండోర్ పిల్లికి ఎక్కడివి అనుకుంటాం గానీ కింద సెల్లార్లో కుక్కలు పడుకుంటాయి, మన చెప్పులు, ప్యాంటు అంచులు పట్టుకుని పైకి రావడానికి ఫ్లీస్‌కి లిఫ్ట్ కూడా అక్కర్లేదు.

బతికున్న ఫ్లీ పళ్లలో చిక్కితే పేనుని కుక్కినట్టు గోళ్ల మధ్య కుక్కుదామని చూడకండి, గట్టి పెంకు, జారిపోయి ఎగురుతది. మగ్గులో నీళ్లు, అందులో గిన్నెలు కడిగే లిక్విడ్ రెండు చుక్కలు, దువ్వెన అందులో ముంచితే మునిగి చస్తది. సబ్బు లేని నీళ్లలో అయితే పైన తేలుతూ ఉంటది.

ఇప్పుడు ఈ దువ్వెనతో నాకున్న పేచీ. ఇలాంటి జలదరింపు ఉన్న పిల్లికి వీపు, ముఖ్యంగా తోక మొదలు దగ్గర, ముట్టుకుంటేనే మొదలైపోతది. అంటే మనం ఎక్కడ దువ్వాలో అక్కడే దానికి కష్టం. ప్యాకెట్ మీద పిల్లి కళ్లు మూసుకుని ఆనందిస్తున్న ఫొటో వేశారు గానీ ఈ ముక్క ఎక్కడా రాయలేదు. నేను చేసేదేంటంటే బుగ్గల దగ్గర మొదలుపెట్టి, మెడ, భుజాలు, చివర్న వెనక్కి వెళ్తాను, తోక కొస ఊగడం మొదలైతే అక్కడికి ఆపేస్తా, మిగతాది రేపు. అటాక్ వచ్చినప్పుడు మాత్రం దువ్వడం కాదు, పట్టుకోవడం కూడా వద్దు, కరుస్తది, దాని తప్పు కాదు. ఇంకోటి, చిక్కులు పడ్డ బొచ్చుకి ఇది పనికిరాదు, పొడుగు బొచ్చు పర్షియన్ పిల్లి ఉన్నవాళ్లు ముందు మామూలు దువ్వెనతో చిక్కు తీసుకుని తర్వాత ఇది పెట్టండి, లేకపోతే బొచ్చు పీకేస్తది. మొదట ప్లాస్టిక్ పళ్లది చవగ్గా వచ్చిందని కొన్నా, పళ్లు వంగి మధ్యలో సందులు పడ్డాయి, ఆ సందుల్లోంచి ఏనుగైనా వెళ్లిపోద్ది.

రెట్ట కనపడింది కాబట్టి డాక్టర్ గారు ఫ్రంట్‌లైన్ ప్లస్ అనే చర్మం మీద వేసే మందు, పిల్లులది, రాశారు, 0.5 ఎంఎల్ పిపెట్ (పిండే చిన్న ప్లాస్టిక్ గొట్టం), అందులో పెద్ద ఫ్లీస్‌ని చంపేది ఫిప్రోనిల్, గుడ్లు ఎదగకుండా చూసేది ఎస్-మెథోప్రిన్. మెడ వెనక నాకడానికి అందని చోట బొచ్చు పాయ తీసి చర్మం మీదే పిండాలి, బొచ్చు మీద పిండితే దండగ. నెలకోసారి, ఇంట్లో ఎన్ని పిల్లులుంటే అన్నిటికీ. ఒకసారి వేసి తగ్గలేదని మానేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఫ్లీ జనాభాలో పిల్లి మీద కనపడేవి ఓ 5 శాతమే, మిగతావి గుడ్లుగా, పురుగులుగా, గూళ్లుగా పరుపుల్లో, సోఫా సందుల్లో, గడప పక్క దుమ్ములో ఉంటాయి. ఆ గూళ్లలో ఉన్నవి వారాలు, ఒక్కోసారి నెలలు కదలకుండా కూర్చోగలవు. అందుకే కనీసం మూడు నెలలు వదలకుండా వెయ్యమన్నారు, దాని దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి డాబా మీద ఆరేయమన్నారు. మన విజయవాడ ఎండ దేనికైనా పనికొచ్చిందంటే దీనికే.

దువ్వెన అసలు విలువ నాకు ఆ తర్వాత తెలిసింది. గోకుడు తగ్గింది, తోక మొదట్లో బొచ్చు మళ్లీ మొలిచింది, ఎంత దువ్వినా టిష్యూ తెల్లగానే ఉంటుంది, కానీ ఆ చర్మం పాకడం, పరుగు మాత్రం అప్పుడప్పుడూ వస్తూనే ఉంది. దువ్వెన లేకపోతే మళ్లీ ఫ్లీసే అనుకుని ఇంకో మందు, ఇంకో స్ప్రే అని తిరిగేవాళ్లం. ఫ్లీస్ లేవు అని చేతిలో రుజువు ఉంది కాబట్టి డాక్టర్ గారు కూడా తర్వాతి మెట్టుకి వెళ్లారు. దీన్ని ఫెలైన్ హైపరెస్తీషియా సిండ్రోమ్ (పిల్లి చర్మం మామూలు కన్నా అతిగా స్పందించడం) అంటారంట, వెటర్నరీ జర్నల్లో 1980లోనే రాశారు, అయినా ఇప్పటికీ ఇదీ అని తేల్చే ఒక్క పరీక్ష లేదు, చర్మం సంగతా నరాల సంగతా మనసు సంగతా అన్నది కూడా తేలలేదు. మిగతావన్నీ ఒక్కొక్కటీ కాదనుకుంటూ పోతే చివరికి మిగిలేది ఇది. ఆవు మీద ఈగ వాలితే అక్కడ చర్మం ఒక్కటే జలదరిస్తది చూడండి, పిల్లికీ చర్మం కింద అదే కండరం ఉంటది, దీనికి ఈగ లేకుండానే కదులుతుంది.

కాదనుకోవడానికి చూసినవి: వెన్నెముక ఎక్స్‌రే, ఎందుకంటే నడుం నొప్పి ఉన్న పిల్లి కూడా అలాగే చేస్తది. తామర ఉందేమో చూశారు. తర్వాత తిండి పరీక్ష, కనీసం ఎనిమిది వారాలు డాక్టర్ రాసిన హైపోఅలర్జెనిక్ (అలర్జీ రేపకుండా తయారుచేసిన) తిండి తప్ప ఇంకేమీ పెట్టకూడదు. ఇది మన ఇళ్లల్లో ఎంత కష్టమో చెప్తే గానీ డాక్టర్లకి తెలీదు, కాటుకకి పెరుగన్నం ప్రాణం, మా అమ్మ "నోరు లేనిదానికి ఒక్క ముద్ద పెడితే ఏమవుద్దే" అని కంచం చివర్న పెట్టేస్తుంది, పట్టుకుని ఒట్టు వేయించుకోవాల్సొచ్చింది. తిండి వల్ల ఏ తేడా రాలేదు, అంటే అదీ కాదు.

ఇప్పుడు కాటుక గాబాపెంటిన్ (నరాల నొప్పికి, ఫిట్స్‌కి వాడే మందు) మీద ఉంది. మొదట్లో తాగినదానిలా తూలింది, తర్వాత సర్దుకుంది, అటాక్‌లు బాగా తగ్గాయి, పూర్తిగా పోలేదు. మోతాదు నేను చెప్పను, బరువుని బట్టి డాక్టరే చెప్పాలి, మనుషుల సిరప్పులు మెడికల్ షాపులో కొనుక్కొచ్చి పొయ్యకండి. నొప్పేమో అని పారాసిటమాల్ అస్సలు వద్దు, ఒక్క బిళ్లకి పిల్లి పోతది. ఇంట్లో వేపనూనె రాయమనే వాళ్లు తప్పకుండా ఉంటారు, మనకి మంచిదే గానీ పిల్లి ఒళ్లంతా నాక్కుంటది, వద్దన్నారు. ఫినాయిల్ కూడా మానేయమన్నారు, తుడిచిన తడి గచ్చు మీద నడిచి పాదాలు నాక్కుంటది కాబట్టి. బీరువాలో కలరా ఉండలు కూడా తీసేశాం. ఫినాయిల్ మానడం వల్ల జలదరింపు తగ్గిందా అంటే చెప్పలేను, గాబాపెంటిన్ కూడా దాదాపు అప్పుడే మొదలైంది.

ఐదుకి నాలుగు ఇస్తున్నా. ఒకటి తగ్గించింది ఆ ప్యాకెట్ మీద ఫొటోకి, ఇంకా పిడి తడిస్తే జారుతుంది. పిల్లుల్ని చూసే డాక్టర్ దగ్గర్లో దొరకని కృష్ణా జిల్లా వాళ్లు గన్నవరం వెటర్నరీ కాలేజీకి వెళ్లి అడగండి. దువ్వెన వాడాక డెటాల్‌లో నానబెట్టకండి, అది కూడా పిల్లికి పడదు. వేడినీళ్లు, గిన్నెల సబ్బు చాలు, పాత టూత్‌బ్రష్‌తో పళ్ల మధ్య రుద్ది బాగా తుడిచి ఆరబెట్టండి, తడిగా వదిలేస్తే పళ్ల మొదట్లో తుప్పు పడుతుంది.