మోకాళ్ళ నొప్పుల అమ్మతో బోర్టన్ పొలాల్లో మూడు రోజులు

అమ్మ విజిట్ వీసా మీద వచ్చి నెల దాటింది. లండన్ రెండుసార్లు తిప్పాను. రెండోసారి ట్యూబ్ స్టేషన్ మెట్లెక్కి పైకొచ్చాక మోకాలు పట్టుకుని, "ఇంకెక్కడికీ వద్దే తల్లీ, ఇంట్లోనే ఉంటాను" అంది. తనకి 66 ఏళ్ళు. తణుకు దగ్గర పల్లెలో పొలం గట్ల మీద పెరిగింది. తనకి నడకంటే భయం లేదు, మెట్లంటేనే. అందుకే మే నెలాఖరులో మా వాడికి స్కూలు సెలవులు ఇవ్వగానే, గ్లాస్టర్‌షైర్‌లోని బోర్టన్-ఆన్-ద-వాటర్‌లో రెండు రాత్రులకి గది తీసుకున్నాను. పెద్దవాళ్ళతో, పిల్లలతో ఇంగ్లండ్ పల్లెలు చూడాలనుకునేవాళ్ళకి మా అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను.

మాకు కారు లేదు. రెడింగ్‌లో రైలెక్కితే మారే పని లేకుండా మోర్టన్-ఇన్-మార్ష్‌లో దిగొచ్చు. లండన్ ప్యాడింగ్టన్ నుంచి వచ్చేవాళ్ళకీ అదే లైను. అక్కణ్ణుంచి 801 నంబరు బస్సు స్టో మీదుగా బోర్టన్ వెళ్తుంది. ఆదివారాలు, సాయంత్రాలు బస్సుల సంఖ్య బాగా తగ్గిపోతుంది కాబట్టి టైమింగులు ముందే చూసి పెట్టుకోండి.

మేం దిగింది శనివారం మధ్యాహ్నం. ఊరంతా తీర్థంలా ఉంది. విండ్‌రష్ నది ఊరి మధ్యలోంచి పారుతుంది. నది అంటారు గానీ మన దగ్గరైతే పంట కాలువ అంటాం, చాలా చోట్ల మోకాలి లోతు కూడా ఉండదు. దాని మీద పొట్టి రాతి వంతెనలు. పిల్లలు నీళ్ళలో దిగి ఆడుతుంటారు. మా వాడికి ఇక్కడి మోడల్ విలేజ్ బాగా నచ్చింది. 1937లో తెరిచిన ఈ బొమ్మల ఊరు బోర్టన్‌కి తొమ్మిదో వంతు కొలతలో నకలు. ఆ నకలులో మళ్ళీ ఇంకో చిన్న నకలు ఉంటుంది. అరగంటలో అయిపోతుంది, పిల్లలుంటే తప్పక చూపించండి.

మధ్యాహ్నం జనంలో అమ్మకి కూర్చోవడానికి బెంచీ దొరకలేదు. కానీ ఆరు దాటేసరికి టూరిస్టు బస్సులన్నీ వెళ్ళిపోయాయి. గడ్డి మీద బాతులు, ఒడ్డున మేమూ మిగిలాం. తొమ్మిది వరకూ వెలుతురే. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోయేవాళ్ళకి ఈ బోర్టన్ కనపడదు. ఎలాగోలా ఒక్క రాత్రైనా ఉండమని అందుకే అంటున్నాను.

బస గురించి ఒక మాట. మాది పాత రాతి ఇల్లు, గదికి రాత్రికి 130 పౌండ్లు. గది శుభ్రంగా ఉంది, పరుపు బాగుంది, కెటిల్ ఉంది. శాకాహారులమని చెబితే ఇంటావిడ పుట్టగొడుగులు, టమాటాలు, బీన్స్ వేడివేడిగా చేసి పెట్టింది. అయితే మోకాళ్ళ నొప్పులున్నాయని ముందే రాసినా ఇచ్చింది పై గదే. ఆ మెట్లు నిటారుగా, ఇరుగ్గా ఉన్నాయి. పాత ఇళ్ళలో మెట్లు సాధారణంగా అలాగే ఉంటాయట. "మెట్లు వద్దని కదే ఇక్కడికొచ్చాం" అని అమ్మ రాత్రి ఒకటే బాధపడింది. మీరు బుక్ చేసేటప్పుడు కింది గది అని రాతపూర్వకంగా ఖాయం చేసుకోండి.

ఆదివారం పొద్దున అసలు నడక. బోర్టన్ నుంచి లోయర్ స్లాటర్, అక్కణ్ణుంచి అప్పర్ స్లాటర్, మళ్ళీ అదే దారిలో వెనక్కి. అంతా కలిపి ఏడు కిలోమీటర్ల లోపే. మేం ఆగుతూ, కూర్చుంటూ నాలుగు గంటలు తీసుకున్నాం. స్లాటర్ అంటే నరుకుడు కాదు, బురద నేల అనే పాత ఇంగ్లీషు మాట నుంచి వచ్చిందంటారు. ముందు ఫాస్ వే అనే పెద్ద రోడ్డు దాటాలి. ఎక్సెటర్ నుంచి లింకన్ దాకా రోమన్లు వేసిన దారి అది, ఇప్పుడు కార్లు జోరుగా పోతుంటాయి కాబట్టి సిగ్నల్ దగ్గరే దాటండి. ఆ తర్వాత లోయర్ స్లాటర్ దాకా దాదాపు చదునైన గట్టి బాట. స్ట్రోలర్ తోసుకుంటూ వెళ్ళేవాళ్ళు కూడా కనిపించారు.

రెండు పక్కలా కంచె చెట్లకి తెల్లటి పూలు విరగబూసి ఉన్నాయి. అమ్మ కాసేపు మాట్లాడకుండా నడిచి, "ఇది మన పుంతే కదే" అంది. గోదావరి జిల్లాల వాళ్ళకి ఆ మాట తెలుసు, పొలాల మధ్య నుంచి పోయే బండి దారి. మా ఊరి పుంతలు సగం పక్క పొలాల్లో కలిసిపోయాయి, మిగిలినవాటిలో తుమ్మ మొలిచింది. ఇక్కడ కాలిబాట పొలం మధ్య నుంచే పోతుంది. పొలం రైతుదే, నడిచే హక్కు మాత్రం అందరిదీ. దున్నినా బాట మళ్ళీ సరిచేసి ఇవ్వాలి, గేటుకి తాళం వేయకూడదు. ఆ హక్కు ఊరికే రాలేదు. 1932లో కిండర్ స్కౌట్ కొండ మీదికి వందలమంది కూలీలు, కుర్రాళ్ళు అనుమతి లేకుండా నడిచారు, కొందరు జైలుకి వెళ్ళారు. కాలిబాటలన్నీ మ్యాపుల్లో నమోదు చేయాలన్న చట్టం 1949లో వచ్చింది. ఇదంతా చెబితే అమ్మ, "అయితే మనం దొంగతనంగా నడవట్లేదన్నమాట" అని అప్పటిదాకా పట్టుకున్న నా చెయ్యి వదిలేసింది.

గుర్తులు తేలిక. పసుపు బాణం నడిచేవాళ్ళకి, నీలం బాణం గుర్రాలకీ సైకిళ్ళకీ కూడా. ఫోన్ సిగ్నల్ పొలాల్లో పోతుంటుంది, ఆర్డ్‌నెన్స్ సర్వే మ్యాపు ఓఎల్45 కొనుక్కుంటే నిశ్చింత.

లోయర్ స్లాటర్‌లో ఐ అనే చిన్న ఏరు ఇళ్ళ ముందు నుంచే పారుతుంది. చివర ఎర్ర ఇటుకల పొగగొట్టంతో పాత మిల్లు, దాని పక్కన నీటి చక్రం. ఊరు ఎంత బాగున్నా నేను ఎక్కువసేపు చూసింది ఒక గోడనే. సున్నం, సిమెంటు ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టారు. తేనె రంగు సున్నపురాయి. దగ్గరగా చూస్తే రాయి నిండా గుండ్రటి సన్నని గింజలు, అచ్చం రవ్వలడ్డు విరిచినట్టు. అమ్మ దాని మీద అరచెయ్యి ఆనించి, "ఎండకి కాగింది" అంది. అక్కడ హోటల్ తోటలో టీ, స్కోన్లు తీసుకున్నాం. రుచి బాగుంది, ధర ఎక్కువ. ఏటి ఒడ్డున మేం తిన్న పులిహోరకి దానికంటే ఎక్కువ మార్కులేస్తాను.

మిల్లు దాటాక పచ్చిక బయళ్ళు. ఇక్కడ గేట్లు ఒక్కొక్కరే పట్టేలా ఉంటాయి. లోపలికి అడుగేసి, తలుపు వెనక్కి నెట్టి, అవతలికి వెళ్ళాలి. మనిషి వస్తాడు, గొర్రె రాదు. అమ్మకి ఇవే సుఖం. కంచె మీద చెక్క మెట్లెక్కి దాటే చోట్లయితే తనకి కష్టం, వానలో జారతాయి కూడా. ఈ దారిలో మాకు అవి అడ్డు రాలేదు, అందుకే పెద్దవాళ్ళకి దీన్నే చెబుతాను. అప్పర్ స్లాటర్ దగ్గర మాత్రం కాస్త ఎత్తు ఎక్కాలి, అమ్మ రెండుసార్లు ఆగింది.

అప్పర్ స్లాటర్‌లో కొట్టు లేదు, పబ్బు లేదు. మంచినీళ్ళు ముందే నింపుకోండి. ఇంగ్లండ్‌లో దాదాపు ప్రతి పల్లెలో యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు చెక్కిన రాయి ఉంటుంది. ఈ ఊరికి ఆ అవసరం రాలేదు. రెండు ప్రపంచ యుద్ధాలకీ వెళ్ళినవాళ్ళందరూ తిరిగొచ్చిన అతి కొద్ది ఊళ్ళలో ఇదొకటి. ఆ మాట చెప్పగానే అమ్మకి మిలిటరీ మాధవరం గుర్తొచ్చింది. తాడేపల్లిగూడెం దగ్గర ఆ ఊరి నుంచి రెండు యుద్ధాలకీ మనుషులు వెళ్ళారు. "మా మేనత్తది ఆ పక్క ఊరే. వెళ్ళినవాళ్ళ కోసం గుమ్మంలో దీపం పెట్టేవారట" అంది. చర్చి ఆవరణలో బెంచీ మీద పావుగంట కూర్చున్నాం. మా వాడు కూడా అల్లరి చెయ్యలేదు.

సోమవారం పొద్దున గ్రేస్టోన్స్ ఫార్మ్. ఊరికి ఆనుకునే ఉంటుంది, గ్లాస్టర్‌షైర్ వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ చూసుకుంటోంది. తడి పచ్చికలు, ఏటి గట్టు, ఒకప్పటి ఇనుప యుగపు కోట ఆనవాళ్ళు. గంట చాలు, మోకాళ్ళు బాగా నొప్పిగా ఉన్న రోజుకి ఇదే సరైన నడక. ఒక గేటు లోపల దూడలతో ఆవులున్నాయి. నేను ఆగిపోయాను. గేదెల మధ్య పెరిగిన అమ్మ, "దూడకీ తల్లికీ మధ్యలోకి వెళ్ళకూడదు, చుట్టూ తిరిగి రా" అని పక్క నుంచి తీసుకెళ్ళింది. ఇక్కడి బోర్డులూ అదే చెబుతాయి. కుక్క ఉంటే ఇంకా జాగ్రత్త.

తిరుగు ప్రయాణానికి ముందే మాట్లాడుకున్న టాక్సీ రాలేదు, ఫోన్ ఎత్తలేదు. రైలు పోతుందేమోనని నాకు ఒకటే టెన్షన్. చివరికి 801 బస్సే ఆదుకుంది. మీరైతే బస్సునే మొదటి ప్లానుగా పెట్టుకోండి.

బస్సులో అమ్మ కళ్ళజోడు పెట్టె తెరిచింది. కంచె తీగకి చిక్కుకున్న గొర్రె ఊలు కాస్త తీసి అందులో దాచుకుంది. "మీ నాన్నకి చూపిస్తాను" అంది. నాన్న సెప్టెంబర్‌లో వస్తున్నారు. ఆయన మోకాళ్ళు గట్టివే కాబట్టి ఆ ట్రిప్పులో విండ్‌రష్ వెంట నాన్టన్ వైపు వెళ్దామని మ్యాపులో అప్పుడే గీత గీసుకున్నాను.