ఏటి లోయలో పుట్టిన ఫ్యాక్టరీ: క్వారీ బ్యాంక్ మిల్లు మ్యూజియం సమీక్ష

మాంచెస్టర్ విమానాశ్రయానికి దగ్గరలో, స్టయల్ గ్రామం పక్కన, బాలిన్ అనే చిన్న ఏటి ఒడ్డున శామ్యూల్ గ్రెగ్ 1784లో నెలకొల్పిన నూలు మిల్లు ఇది. 1939 నుంచి చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ అధీనంలో ఉంది, ఇప్పుడు మ్యూజియంగా నడుస్తోంది. పారిశ్రామిక విప్లవం అనగానే బడిలో బట్టీపట్టిన యంత్రాల పేర్లు, సంవత్సరాలు మాత్రమే గుర్తొచ్చేవారికి, ఒక కారణం మరో కారణాన్ని ఎలా లాక్కొచ్చిందో కళ్లకు కట్టే చోటు ఇంగ్లండులో ఇంతకంటే మంచిది నాకు కనిపించలేదు.

చేతి రాట్నం మీద ఒక మనిషి ఒక్కో పోగు తీయడం చూసి, ఆ తర్వాత స్పిన్నింగ్ మ్యూల్ అనే నూలు వడికే యంత్రం ముందు నిలబడితే, వందల కదుళ్లున్న బండి ఒక్కసారిగా ముందుకు జరిగి నూలు సాగదీసి, వెనక్కి వెళుతూ చుట్టుకోవడం కనిపిస్తుంది. ఈ తేడాను ఏ పుస్తకమూ ఇంత సులువుగా చెప్పలేదు. నేత గదిలో నడిపి చూపించేవి కొన్ని మగ్గాలే అయినా పక్కవారి మాట వినిపించదు. గదినిండా మగ్గాలు ఆడిన రోజుల్లో పనివారు పెదవుల కదలికను చూసి మాట్లాడుకోవడం ఎందుకు నేర్చుకున్నారో అక్కడ అర్థమవుతుంది.

ఈ కథలో మన తీరానికీ భాగముంది. మచిలీపట్నం వంటి రేవుల నుంచి వెళ్లిన అద్దకపు నూలు బట్టలకు ఇంగ్లండులో గిరాకీ విపరీతంగా పెరగడంతో, అక్కడి ఉన్ని, పట్టు నేతపనివారి ఒత్తిడి మీద పార్లమెంటు 1700లోనూ 1721లోనూ వాటిని కట్టడి చేస్తూ చట్టాలు తెచ్చింది. గిరాకీ చావలేదు, సరుకు మాత్రం కరువైంది. అయితే సొంతంగా నేద్దామంటే, ఇంగ్లండులో వడికిన నూలు పడుగుకు, అంటే మగ్గం మీద బిగించే నిలువు పోగులకు, ఆగేది కాదు కనుక పడుగుకు నారపోగు, పేకకు (అడ్డపోగుకు) దూదిపోగు వాడేవారు. ఆర్క్‌రైట్ అనే ఇంగ్లిష్ వ్యాపారి 1769లో పేటెంటు పొందిన వాటర్ ఫ్రేమ్ అనే వడికే యంత్రం ఆ గట్టి పడుగు నూలును ఇచ్చింది. ఆ యంత్రం తిరగడానికి ఏటి ఉరవడి కావాలి. అందుకే గ్రెగ్ ఈ లోయకు వచ్చాడు. నేలమాళిగలో తిరిగే పెద్ద ఇనుప చక్రం యార్క్‌షైర్‌లోని మరో మిల్లు నుంచి తెచ్చినదే అయినా, ఆ తర్కాన్ని అది చక్కగా చూపిస్తుంది.

నీరున్న చోట మనుషులు లేరు. ఉన్న కొద్దిమంది పెద్దలకు గంట కొట్టినప్పుడు పనికి రావడమనే పద్ధతి గిట్టలేదు. ఈ లోటు తీర్చడానికి వచ్చినవారే వర్క్‌హౌస్‌ల, అంటే నిరుపేదలను ఉంచే ఆశ్రయ గృహాల పిల్లలు. తమ ఖర్చు తగ్గుతుందని పేదల పోషణ చూసే పారిష్‌లు (చర్చి పరిధిలోని స్థానిక పాలన విభాగాలు) పిల్లలను ఒప్పందం మీద అప్పగించేవి. వారిలో తొమ్మిదేళ్లవారూ ఉండేవారు. జీతం బదులు తిండి, బట్ట, పడక. 1790లో కట్టిన అప్రెంటిస్ హౌస్‌లో ఒక దశలో తొంభై మంది దాకా ఉండేవారు, వారిలో ఆడపిల్లలే ఎక్కువ. నా దృష్టిలో ఈ మ్యూజియానికి ప్రాణం యంత్రాలు కాదు, ఈ ఇల్లే. ఇక్కడ పిల్లలకు వైద్యుడు ఉండేవాడు, చదువూ చెప్పేవారు. చాలా మిల్లులతో పోలిస్తే గ్రెగ్ కుటుంబానిది మెరుగైన పద్ధతే. అయినా 1806లో థామస్ ప్రీస్ట్లీ అనే పదమూడేళ్ల కుర్రాడు, యంత్రంలో పడి వేలు పోయాక, తల్లిని చూడాలని తోటివాడితో కలిసి లండన్ వరకు పారిపోయాడు. అక్కడి మేజిస్ట్రేట్ ఎదుట అతనిచ్చిన వాంగ్మూలం నిలిచి ఉంది. మంచి యజమాని దగ్గరే ఇలా ఉంటే మిగతా చోట్ల ఎలా ఉండి ఉంటుందో సందర్శకులే ఊహించుకోవచ్చు. ఆవిరి యంత్రాలు పెరిగి, మిల్లులు జనం కిక్కిరిసిన పట్టణాలకు తరలాక ఈ పద్ధతికి అవసరం తగ్గింది; ఇక్కడ అది 1847లో ముగిసింది.

కొంచెం నడిస్తే వచ్చే స్టయల్ గ్రామాన్ని వదలకూడదు. పనివారు పట్టణాలకు పోకుండా నిలుపుకోవడానికి యజమానులు కట్టించిన ఇటుక ఇళ్లు, తోటలు, బడి, ప్రార్థన మందిరం అక్కడున్నాయి. అద్దె కూలిలోంచే పోయేది. కొన్ని ఇళ్ల నేలమాళిగల్లో వేరే కుటుంబాలు ఉండేవి. పని పోతే ఇల్లూ పోతుందన్నది చెప్పకుండానే అందరికీ తెలిసిన షరతు. గ్రెగ్‌కు కరీబియన్ దీవి డొమినికాలో బానిసలతో నడిచే తోట ఉండేదన్నదీ, మిల్లుకు వచ్చిన దూదిలో చాలా భాగం అట్లాంటిక్ అవతలి బానిసల చేతులమీదుగా వచ్చిందన్నదీ గుర్తుపెట్టుకొని తిరిగితే, ఈ అందమైన లోయ మరోలా కనిపిస్తుంది.

అప్రెంటిస్ హౌస్‌ను గైడ్ వెంట చూడాలి కనుక, చేరగానే ముందు దాని సమయం ఖాయం చేసుకోవడం మంచిది. మెట్లు, వాలు దారులు ఎక్కువ. మోకాళ్ల నొప్పులున్న పెద్దలను తీసుకెళ్లేవారు ఆలోచించుకోవాలి. చంటిపిల్లలు మగ్గాల మోతకు బెదిరిపోతారు. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలున్నవారు మాత్రం తప్పకుండా వెళ్లాలి, ఎందుకంటే గైడ్ చెప్పే కథల్లోని పిల్లలది సరిగ్గా వారి వయసే.