ఫీజు లేని లాయర్ సేవ: మా మేనల్లుడి కేసులో నేను చూసింది

అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర నాది జిరాక్స్ షాపు. పద్నాలుగేళ్లుగా జనాల ఆధార్లు, టీసీలు, పాసుపుస్తకాలు కాపీ తీయడమే పని. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉందని, అక్కడ డబ్బు తీసుకోకుండా లాయర్‌ను పెడతారని వినడమే గానీ, ఆ గడప నేను తొక్కుతాననుకోలేదు. 2025 జూన్‌లో తొక్కాను.

మా అక్క కొడుకు మెకానిక్ షెడ్డులో పని నేర్చుకుంటున్నాడు. ఎవరో దొంగిలించిన బైకు ఆ షెడ్డుకు వచ్చింది. తెచ్చినవాళ్లతో పాటు వీణ్ణీ పట్టుకెళ్లారు. వీడి తప్పు ఉందా లేదా అన్నది పిల్లల కేసులు చూసే బాలల న్యాయ బోర్డు తేలుస్తుంది, దాని జోలికి నేను పోను. స్టేషన్‌లో ఆధార్ చూసి వయసు 19 అని రాసేశారు. రిమాండు పడింది. పెద్దవాళ్ల జైలుకు పంపారు. ఏ స్టేషనో, ఏ జైలో ఇక్కడ రాయను.

ఆధార్ మీద ఉన్న తేదీ 01-01-2006. నా షాపుకు వచ్చే కార్డుల్లో ఈ జనవరి ఒకటో తారీఖు ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. పుట్టిన రోజు సరిగ్గా చెప్పలేకపోతే సంవత్సరం అందాజుగా వేసి, ఆ తేదీ పెట్టేస్తారు. ఆ అందాజు ఒక పిల్లాడిని జైల్లో పెట్టింది.

ములాఖత్‌కు పోతే జాలీకి అవతల నిలబడ్డాడు. గోళ్ల సందుల్లో షెడ్డు గ్రీసు ఇంకా అలాగే ఉంది. "మామా, నా పక్కన పడుకునేవాళ్లంతా పెద్దోళ్లే. రాత్రి నిద్ర పట్టడం లేదు" అన్నాడు. అక్కకు ఆ మాట చెప్పలేకపోయాను.

లాయర్ ఖర్చుకు అప్పు వెతుకుతూ ఐదు రోజులు పోగొట్టుకున్నాం. చివరికి షాపుకు వచ్చే ఒక పెద్దాయన చెప్తే సంస్థ ఆఫీసుకు పోయాం. ఒక లాయర్ మేడమ్‌ను పెట్టారు. వకాలత్ మీద అక్క వేలిముద్ర తీసుకుని మేడమ్ అడిగిన మొదటి మాట: "అన్నా, బాబు ఏ బడిలో చదివినాడు?" నేను ఆధార్ కలర్ జిరాక్స్ ముందు పెట్టాను. పక్కకు జరిపేశారు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ ప్రకారం వయసుకు ముందు చూడాల్సింది బడి ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్, లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకపోతే మున్సిపాలిటీదో పంచాయతీదో జనన ధ్రువపత్రం. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆ వరసలో ఆధార్ లేదు. పుట్టిన తేదీకి ఆధార్ రుజువు కాదని 2024 అక్టోబరులో ఒక యాక్సిడెంట్ పరిహారం కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పిందట.

మరుసటి రోజే బడికి పోయాను. హెడ్‌మాస్టర్ అడ్మిషన్ రిజిస్టర్ తీశారు. 14-08-2008. పుట్టుమచ్చల గడిలో "కుడి చెంపపై" అని రాసి ఉంది. పక్కన మా బావ సంతకం, ఒక్కో అక్షరం కూడబలుక్కుని పెట్టినట్టు. ఆయన పోయి ఆరేళ్లయింది. ఆ పేజీ కాపీ నా మిషన్ మీదే తీశాను, రెండుసార్లు చెడిపోయింది.

పిటిషన్ వేశాక కోర్టు ఆ కాగితాలు చూసి, వాడు బాలుడేనని రాసి, బాలల న్యాయ బోర్డుకు పంపింది. బోర్డులో ఒక మేజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, వాళ్లలో ఒకరు మహిళ అయి తీరాలి. అక్క పూచీ మీద బెయిల్ ఇచ్చారు. ఆఫీసు మెట్లెక్కిన నాలుగో రోజు వాడు ఇంట్లో అన్నం తిన్నాడు.

కానీ జైల్లో గడిచిన ఆ తొమ్మిది రోజుల మాటేమిటి? పద్దెనిమిది నిండని పిల్లలను ఏ పరిస్థితిలోనూ లాకప్‌లో గానీ జైల్లో గానీ ఉంచకూడదని అదే చట్టం పదో సెక్షన్‌లో ఉంది. ప్రయాణం తీసేసి 24 గంటల్లో బోర్డు ముందు పెట్టాలి. పదహారు దాటినవాళ్లను పెద్దవాళ్ల మాదిరి విచారించే వీలు కనీస శిక్ష ఏడేళ్లు ఉన్న ఘోర నేరాలకే. అప్పుడైనా ఇరవై ఒకటి నిండేదాకా వేరే సురక్షిత స్థలంలో ఉంచాలే గానీ జైలుకు పంపకూడదు. ఇంత స్పష్టంగా రాసి ఉంటే, స్టేషన్‌లో ఒక్కరైనా "ఏ బడిరా నీది?" అని అడగలేదు. నాకు ఆ కోపం ఇంకా తగ్గలేదు.

లాయర్ సేవకు నేను ఐదుకు ఐదు ఇస్తాను. పిల్లలకూ ఆడవాళ్లకూ ఆదాయంతో పని లేకుండా ఇది ఉచితం. 15100కు ఫోన్ చేసినా దారి చెప్తారు. వయసు తప్పు రాశారని తెలిస్తే అదే రోజు బడి కాగితం పట్టుకుని పోండి, మాలాగా ఐదు రోజులు ఆగకండి. కేసు అయిపోయినా సరే, వయసు సంగతి ఎప్పుడైనా, ఏ కోర్టులోనైనా లేవనెత్తవచ్చని మేడమ్ చెప్పారు.

వాడు మళ్లీ షెడ్డుకు పోతున్నాడు. రాత్రి మాత్రం లైటు ఆర్పనివ్వడు. వాయిదా వచ్చే నెల ఉంది, అదే మేడమ్ వస్తానన్నారు.