ఇంట్లో కట్టిన బగ్గీకి ఇండిపెండెంట్ రియర్ సస్పెన్షన్ కిట్: ఆరు నెలలు నడిపాక

వెనక చక్రాలు రెండూ విడివిడిగా లేచి దిగేలా చేసే ఈ కిట్‌లో ఇరుసులు, హబ్బులు చాలా మంచి సరుకు. కానీ చక్రాన్ని మోసే ఆర్మ్ ఎంత కిందికి వేలాడొచ్చో మాన్యువల్‌లో ఒక్క ముక్క లేదు. ఆ ఒక్క లోపం వల్ల నా బగ్గీ ఇసుకలో ఆగిపోయింది.

నాది 450 సీసీ బైక్ ఇంజిన్‌తో, చైన్ డ్రైవ్‌తో కట్టుకున్న బండి. మనుషులు లేకుండా 310 కిలోలు. మొదట్లో వెనక రెండు చక్రాలూ ఒకే గట్టి ఇరుసు మీద ఉండేవి. ఒకటి గుంతలో పడితే రెండోది కూడా ఒరిగేది. రాళ్ళ దారిలో పక్క సీట్లో కూర్చున్న మా అమ్మాయి నడుం పట్టుకుని దిగిన రోజే దీన్ని మార్చాలని నిర్ణయించుకున్నాను.

కిట్‌లో రెండు ట్రైలింగ్ ఆర్మ్‌లు (ముందు కొస ఛాసిస్‌కు కీలులా బిగిసి, వెనక కొసన చక్రాన్ని మోసేవి), రెండు హబ్బులు, రెండు హాఫ్ షాఫ్ట్‌లు (మధ్య నుంచి ఒక్కో చక్రాన్ని తిప్పే ఇరుసులు), మధ్యలో స్ప్రాకెట్టునీ బ్రేక్ డిస్క్‌నీ మోసే క్యారియర్ వస్తాయి. మలుపుల్లో రెండు చక్రాలను వేరు వేరు వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ లేదు. షాక్ అబ్జార్బర్లు (షాక్‌లు), స్ప్రింగులు మనమే చూసుకోవాలి. బ్రాకెట్లు కోసిన ప్లేట్లుగానే ఇస్తారు, వెల్డింగ్ మన పని. ఇక్కడ తొందరపడొద్దు. నేను రెండు పక్కల బ్రాకెట్లలోంచి ఒకే పొడవాటి రాడ్డు దూర్చి, అది చేత్తో సులువుగా తిరుగుతుందని చూసుకుంటూ టాక్‌లు (చిన్న చుక్క వెల్డులు) వేశాను. పూర్తి వెల్డింగ్ మాత్రం ఒక పక్క కొంత, ఇంకో పక్క కొంత, చల్లారనిస్తూ చేశాను. బ్రాకెట్టు కొంచెం వంగినా చక్రం దిశ తప్పుతుంది, టైరు ఒక పక్కే అరుగుతుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది చైన్ సంగతి. పాత పద్ధతిలో ఇరుసు లేచి దిగినప్పుడల్లా చైన్ బిగిసేది, వదులయ్యేది. అందుకని ఎప్పుడూ కొంత వదులుగానే ఉంచాల్సి వచ్చేది. ఇప్పుడు స్ప్రాకెట్టు ఛాసిస్‌కే బిగించి ఉంది కాబట్టి ఇంజిన్‌కీ దానికీ మధ్య దూరం మారదు. ఆరు నెలల్లో రెండుసార్లు మాత్రమే సర్దాను.

పాత షాక్‌లే వాడదామనుకుంటే స్ప్రింగుల లెక్క ముందే వేసుకోండి. పాత అమరికలో షాక్ అడుగుభాగం ఇరుసుకు బాగా దగ్గర, స్వింగ్ ఆర్మ్ పొడవులో 0.9 వంతు దగ్గర ఉండేది. ఈ ఆర్మ్ మీద 0.6 వంతు దగ్గర ఉంది. చక్రం దగ్గర తెలిసే గట్టిదనం ఆ వంతు వర్గాన్ని బట్టి ఉంటుంది: 0.81 కాస్తా 0.36 అయింది. షాక్ కోణం సంగతి పక్కన పెట్టినా సగం కూడా మిగల్లేదు. నేను సీట్లో కూర్చోగానే వెనక భాగం కిందికి కూలబడింది. దాదాపు 2.25 రెట్లు గట్టి స్ప్రింగులు వేశాకే బండి సరైన ఎత్తులో నిలబడింది.

స్ప్రింగులు మార్చాను గానీ షాక్‌లు పాత పొడుగువే, అవి ఆర్మ్‌ను చాలా కిందికి వేలాడనిచ్చాయి. మొదటి ట్రయల్‌లో ఇసుక దిబ్బ దాటుతుండగా వెనక చక్రాలు గాల్లోకి లేచాయి. "నాన్నా, ఆపు! ఎడమ పక్క ఏదో ఊడింది" అని మా అమ్మాయి అరిచింది. దిగి చూస్తే షాఫ్ట్ లోపలి కొసన కప్పులో జారుతూ తిరిగే ట్రైపాడ్ జాయింట్ ఆ కప్పులోంచి బయటికి వచ్చేసింది.

ఇంటికొచ్చి కొలిస్తే కారణం తేలింది. బండి మామూలు ఎత్తులో నిలబడ్డప్పుడు షాఫ్ట్ అడ్డంగా, సమంగా ఉంటుంది. అప్పుడు రెండు జాయింట్ల మధ్య దూరం 45 సెంటీమీటర్లు. ట్రైలింగ్ ఆర్మ్ మీద హబ్ పక్కకు జరగదు, నిలువుగానే దిగుతుంది. అది 19 సెంటీమీటర్లు కిందికి వేలాడితే జాయింట్ల మధ్య దూరం దాదాపు 49 అవుతుంది. అంటే షాఫ్ట్ సుమారు 4 సెంటీమీటర్లు బయటికి జరగాలి. కప్పులో ఉన్న చోటు మూడున్నరే.

ఇప్పుడు రెండు పక్కలా గట్టి నైలాన్ పట్టీలు కట్టి ఆర్మ్‌ను 11 సెంటీమీటర్ల దగ్గర ఆపాను. అక్కడ షాఫ్ట్ జరిగేది 1.3 సెంటీమీటర్లు. పైకి 14 సెంటీమీటర్లు లేచినా సుమారు 2.1 మాత్రమే. షాక్‌లు విప్పేసి, ఆర్మ్‌ను చేత్తో కింద నుంచి పై దాకా తిప్పి కొలిచాకే మళ్ళీ బిగించాను. ఈ పట్టీలు కిట్‌లోనే ఉండాలి. మాన్యువల్‌లో పెద్ద అక్షరాలతో రాయాలి. తయారీదారుకు ఇదే రాసి పంపాను.

ఇంకో లోపం షాక్ కింది బోల్టు. దానికి ఒక పక్క ప్లేటే ఆధారం. దిబ్బల మీద పడే దెబ్బలకు అది సరిపోతుందని నాకు నమ్మకం కుదరలేదు. రెండో పక్క కూడా ప్లేటు వెల్డ్ చేశాను. మీరూ చేయండి.

బ్రేక్ గురించి జాగ్రత్త. డిస్క్ మధ్యలో ఉండటం వల్ల చక్రం దగ్గర బరువు తగ్గుతుంది, అది నిజమైన లాభమే. కానీ ఏ పక్క షాఫ్ట్ ఊడితే ఆ పక్క చక్రానికి బ్రేక్ ఉండదు. ఆ రోజు బ్రేక్ నొక్కితే బండి కుడి వైపు లాగింది. ముందు చక్రాలకు బ్రేకులు లేని బండికి ఈ కిట్ వేయొద్దని గట్టిగా చెబుతాను.

డిఫరెన్షియల్ లేదు కాబట్టి గట్టి నేల మీద చిన్న మలుపుల్లో ముందు భాగం బయటికి తోసుకుపోతుంది. ఇసుకలో, బురదలో ఆ ఇబ్బంది లేదు. పైగా ఒక చక్రం గాల్లో ఉన్నా రెండోది లాగుతూనే ఉంటుంది.

అదే రాళ్ళ దారిలో ఇప్పుడు ఒక చక్రం రాయి ఎక్కితే రెండోది నేలను వదలడం లేదు. మా అమ్మాయి గంటసేపు కూర్చుని మామూలుగా దిగింది. ప్రతి రైడ్ తర్వాత సీవీ బూట్లు (షాఫ్ట్ జాయింట్లను కప్పే రబ్బరు తొడుగులు) తడిమి చూస్తాను. ఒక్క చిరుగు చాలు, ఇసుక చేరి జాయింట్‌ను తినేస్తుంది. పోయిన నెల ఎడమ బయటి బూటు మీద గీత కనిపించగానే మార్చాను. లోపల గ్రీజు ఇంకా నల్లగా, ఇసుక రేణువు లేకుండా ఉంది.